ఫ్యామిలీ అంటే ఎవరు?

2023 వేసవిలో మా అమ్మాయి కాన్పుకని డెన్వర్ వెళ్ళాను. అమెరికా వెళ్ళిన మన తల్లులందరూ చేసే పనే నేనూ చేశాను. పథ్యం వంట, పసిదానికి నూనె రాసి నీళ్ళు పొయ్యడం, రాత్రిళ్ళు భుజాన వేసుకుని తిరగడం. పాపకి మూడో నెల వచ్చాక ఒక శనివారం మా అల్లుడు "అత్తయ్యా, అన్నేళ్ళు జువాలజీ చెప్పారు కదా, మీకు నచ్చే చోటొకటుంది, వెళ్దాం పదండి" అన్నాడు. దారిలో మా అమ్మాయి ఫోన్లో చదివి చెప్పింది. "గవర్నమెంటుది కాదటమ్మా. ఫ్యామిలీ వాళ్ళే నడుపుకుంటున్న మ్యూజియం అట." ఎంత బావుందో అన్నట్టు చెప్పింది. నాకు మాత్రం ఆ మాట దగ్గరే ముల్లు గుచ్చుకుంది. ఎందుకు గుచ్చుకుందో చెప్పడానికే ఈ వ్యాసం.

కొలరాడో స్ప్రింగ్స్ దాటి 115వ నంబరు రోడ్డు మీద కొంతదూరం పోయాక, రోడ్డు పక్కన ఏనుగంత పెంకుపురుగు కనబడింది. హెర్క్యులస్ బీటిల్ బొమ్మ. అక్కడ మలుపు తిరిగితే మే నేచురల్ హిస్టరీ మ్యూజియం. జేమ్స్ మే అనే ఆయన ఉష్ణమండల దేశాల్లో దశాబ్దాలపాటు సేకరించిన పురుగులూ, సీతాకోకచిలుకలూ, తేళ్ళూ, సాలీళ్ళూ అందులో ఉన్నాయి. ఆయన కొడుకు జాన్ మే వాటిని ఊరూరా తిప్పి చూపించి, చివరికి ఇక్కడ స్థిరపరిచాడు. వరసలు వరసలుగా అద్దాల పెట్టెలు, వాటిలో సుమారు 7,000 జీవులు. నేను రెండు గంటలు అక్కడే ఉండిపోయాను. ఇన్నేళ్ళు పాఠం చెప్పిన చాలా పురుగుల్ని అప్పుడే మొదటిసారి కళ్ళారా చూశాను. కాబట్టి ముందే చెప్తున్నాను, ఆ మ్యూజియం మీద నాకు ఫిర్యాదేమీ లేదు.

ఆ సేకరణ గురించి ఒక కథ ప్రచారంలో ఉంది. వాల్ట్ డిస్నీ దాన్ని కొంటానన్నాడట. కానీ 'మే' అనే పేరు ఉంచడానికి ఒప్పుకోలేదట. అందుకని జాన్ మే అమ్మనన్నాడట. కథలో నిజమెంతైనా, అందులో ఉన్న పట్టుదల నాకు నచ్చింది. డబ్బు వస్తుంది, పేరు పోతుంది అన్నప్పుడు పేరే కావాలనుకున్నాడు. పేరు పోవడమంటే శ్రమ పోవడమేనని ఆయనకి తెలుసు. నా ప్రశ్న ఇక్కడ మొదలవుతుంది. పేరు అంత విలువైనదని మగవాళ్ళు ఒక పెద్ద కంపెనీ ముందు గట్టిగా చెప్పగలిగినప్పుడు, 'ఫ్యామిలీ' అనే ఒక్క మాటలో ఎన్ని పేర్లు మునిగిపోతే మనకి చీమ కుట్టినట్టయినా ఉండదెందుకు?

ఇంకోటి కూడా చెప్పాలి. రోడ్డు పక్కన నిలబెట్టింది మగ పురుగుని. డైనాస్టెస్ హెర్క్యులస్‌లో మగదానికే ఆ పొడవాటి కొమ్ముంటుంది. ప్రపంచంలోని పొడవైన పెంకుపురుగుల్లో ఒకటిగా దాన్ని లెక్కించేది ఆ కొమ్ముతో కలిపి కొలిచినప్పుడే. ఆడదానికి కొమ్ముండదు. కుళ్ళిన మాను వెతుక్కుని గుడ్లు పెట్టేది అదే. కానీ దాన్ని రోడ్డు పక్కన నిలబెడితే కార్లు ఆగవు. ఇది ఎవరి తప్పూ కాదు. రోడ్డు పక్క వ్యాపారానికి దూరాన్నించి కనపడే కొమ్ము కావాలి, అంతే. మనకి ఆ సంగతి గుర్తుంటే చాలు.

మన ఊళ్ళలో ఏ టిఫిన్ సెంటర్ బోర్డు అయినా చూడండి. పైన దేవుడి పేరు, కింద 'ప్రొప్రైటర్' అని ఒక మగపేరు. తెల్లవారుజామున మూడింటికి లేచి పప్పు రుబ్బేది ఎవరు, పొయ్యి ముందు నిలబడి అట్లు పోసేది ఎవరు, గిన్నెలు తోమేది ఎవరు అని అడిగితే "అబ్బే, మాది ఫ్యామిలీయేనండీ, పనివాళ్ళెవరూ లేరు" అంటాడు ఆ ప్రొప్రైటర్, గర్వంగా. అంటే పనివాళ్ళున్నారు, జీతం లేదు అని అర్థం. రోడ్డు పక్క మ్యూజియం లెక్క కూడా ఇదే. టిక్కెట్ల డబ్బుతో మనుషుల్ని పెట్టి జీతాలివ్వడం కుదరదు. కుదరదు కాబట్టే కుటుంబం నడుపుతుంది. అద్దాలు తుడవాలి. చచ్చిన పురుగుల్ని తినే పురుగులు చేరకుండా పెట్టెలు కాపలా కాయాలి. మాసిపోయిన చీటీలు తిరిగి రాయాలి. టిక్కెట్లు చింపాలి, వచ్చినవాళ్ళ పిల్లలకి మంచినీళ్ళివ్వాలి, మరుగుదొడ్డి కడగాలి. వీటన్నిటికీ ప్రేమ అని పేరు పెడితే ఖర్చు ఖాతాలో సున్నా రాసుకోవచ్చు. 'కుటుంబం నడుపుతోంది' అన్నది వినడానికి ఆప్యాయంగా ఉండే దొంగలెక్క.

చరిత్రలోకి వెళ్తే ఈ లెక్క ఇంకా స్పష్టంగా కనబడుతుంది. ఇంగ్లండ్ దక్షిణ తీరంలో లైమ్ రీజిస్ అనే ఊరుంది. అక్కడ రిచర్డ్ ఆనింగ్ అనే వడ్రంగి సముద్రపు కొండచరియల్లో దొరికిన శిలాజాలు ఏరుకొచ్చి, వేసవికి వచ్చే యాత్రికులకి బల్ల మీద పెట్టి అమ్మేవాడు. 1810లో అప్పులు మిగిల్చి చనిపోయాడు. ఆ బల్లని నిలబెట్టింది భార్య మోలీ, పిల్లలు జోసెఫ్, మేరీ. 1811లో జోసెఫ్‌కి ఒక పెద్ద తల కనిపించింది. ఆ మరుసటేడు మేరీ మిగతా అస్థిపంజరాన్ని వెతికి పట్టింది. అది ఇక్తియోసార్. 23 పౌండ్లకి అమ్ముకున్నారు. అది చేతులు మారి లండన్‌లో ప్రదర్శనకెక్కింది. 1814లో ఎవరార్డ్ హోమ్ దాని మీద శాస్త్రపత్రం రాశాడు. అందులో ఆనింగ్‌ల ఊసే లేదు. 1823లో మేరీ మొదటి పూర్తి ప్లీసియోసార్‌ని తవ్వి తీసింది. 1824లో కోనిబేర్ లండన్ జియలాజికల్ సొసైటీలో దాన్ని వర్ణించాడు. ఆమె పేరెత్తలేదు. ఆమె ఆ సభలో అడుగుపెట్టే వీలు కూడా లేదు. ఆ సొసైటీ స్త్రీలని సభ్యులుగా చేర్చుకున్నది 1919లో. అప్పటికి మేరీ పోయి 72 ఏళ్ళు. వాళ్ళు ఆమె పేరు మర్చిపోయారని నేననుకోను. పేరు అవసరం లేదనుకున్నారు. బల్ల మీద సరుకు కొన్నప్పుడు అమ్మిన మనిషి పేరు ఎవరు రాసుకుంటారు?

మేరీ ఆనింగ్ ఇప్పుడు అందరికీ తెలుసు. 2022లో ఆ ఊళ్ళో ఆమె విగ్రహం కూడా పెట్టారు. నేను మీకు చెప్పాలనుకున్నది ఇంకొకామె గురించి. ఆ పెంకుపురుగు బొమ్మ ఉన్న కొలరాడోలోనే, మా అమ్మాయి ఇంటికి ముప్పావుగంట దూరంలో ఉన్న బోల్డర్ ఊళ్ళో, 1874లోనే ఒక నేచురల్ హిస్టరీ మ్యూజియం ఉండేది. రాకీ మౌంటెన్ మ్యూజియం. దాన్ని పెట్టింది మార్తా మాక్స్‌వెల్. జువాలజీ ఎమ్మెస్సీ చదివి, ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పిన నాకు ఆమె పేరు తెలీదు. మనవరాలు నిద్రపోయాక రాత్రిళ్ళు కూర్చుని వెతుక్కుని చదివాను.

మార్తా 1831లో పెన్సిల్వేనియాలో పుట్టింది. ఓబెర్లిన్ కాలేజీలో కొన్నాళ్ళు చదివింది. ఆరుగురు పిల్లలున్న జేమ్స్ మాక్స్‌వెల్‌ని పెళ్ళి చేసుకుంది. 1857 ఆర్థిక సంక్షోభంలో అతను చితికిపోయాడు. 1860లో బంగారం కోసం జనమంతా కొలరాడో కొండలకి పోతుంటే వీళ్ళూ పోయారు. అతను గనుల దగ్గర, ఆమె పూటకూళ్ళ ఇల్లు నడుపుతూ. ఆ సంపాదనతో డెన్వర్ దగ్గర ఒక చిన్న ఇల్లూ స్థలమూ కొంది. తీరా వెళ్ళి చూస్తే అందులో ఒక జర్మన్ దూరి కూర్చున్నాడు, కదలనంటాడు. అతను పక్షుల చర్మాలు ఒలిచి బొమ్మలుగా నిలబెట్టే పనివాడు. అతను బయటికెళ్ళిన సమయం చూసి ఆమె తలుపు ఊడదీసి, అతని సామాను బయట పెట్టించింది. ఆ సామానులో ఉన్న పక్షుల్ని చూసినప్పుడే ఆమెకి ఆ విద్య మీద మనసు పడింది. నాకు ఈ సంఘటన చాలా ఇష్టం. ఎవరో గురువు పిలిచి దీక్ష ఇచ్చిన కథ కాదిది. తన ఇల్లు తాను స్వాధీనం చేసుకుంటున్న ఆడమనిషికి దారిలో దొరికిన విద్య.

ఐదడుగులు కూడా లేని ఆమె తుపాకీ పట్టుకుని కొండలెక్కింది. చర్మంలో గడ్డి కుక్కి కుట్టేసే పద్ధతిని కాదని, ఇనప చట్రం మీద జంతువు ఒళ్ళు ముందు తయారుచేసి దానికి చర్మం తొడిగే పద్ధతి తనంతట తాను రూపొందించుకుంది. మొదటి సేకరణని 1870లో సెయింట్ లూయీలోని షాస్ గార్డెన్‌కి అమ్మేసి, మళ్ళీ మొదట్నించీ మొదలుపెట్టింది. 1874లో బోల్డర్ మ్యూజియం. జంతువుల్ని వరసగా బల్లల మీద నిలబెట్టలేదు. కొండ, రాయి, చెట్టు, నీళ్ళు కట్టి, ఏది ఎక్కడ బతుకుతుందో అక్కడ పెట్టింది. డబ్బిచ్చి లోపలికొచ్చే జనానికి నవ్వు కూడా కావాలి కదా, అందుకని పేకాడుతున్న కోతుల్ని కూడా పెట్టింది. రోడ్డు పక్క మ్యూజియం నడిపేవాళ్ళకే ఆ ఇబ్బంది తెలుస్తుంది. శాస్త్రం మాత్రమే పెడితే అద్దె రాదు. బోల్డర్‌లో గడవక డెన్వర్‌కి మార్చింది.

1876లో ఫిలడెల్ఫియాలో అమెరికా శతజయంతి ప్రదర్శన జరిగింది. కాన్సస్-కొలరాడో భవనంలో ఆమె ఒక కొండనే కట్టింది. పారే నీళ్ళు, కొండగొర్రెలు, జింకలు, ఎలుగులు, పక్షులు. దాని ముందు ఒక బోర్డు పెట్టింది. 'స్త్రీ చేసిన పని' అని, అంతే. పేరు రాయలేదు, 'మాక్స్‌వెల్ కుటుంబం' అనీ రాయలేదు. ఈ బోర్డు గురించి నేను చాలా ఆలోచించాను. పేరు రాస్తే భర్తదో అన్నదో అనుకుంటారని ఆమెకి తెలుసు. అందుకే ముందు ఆ దారి మూసేసింది. అయినా జనం నమ్మలేదు. ఒక ఆడది ఇవన్నీ చంపిందా, ఎలా ఉంటుంది ఆమె, మొగుడున్నాడా, పిల్లలున్నారా, మర్యాదస్తురాలేనా అని రోజంతా ప్రశ్నలే. ఆ ప్రశ్నలకి జవాబుగానే చెల్లెలు మేరీ డార్ట్ 1879లో ఆమె గురించి ఒక పుస్తకం రాయాల్సొచ్చింది. ఆమె సేకరణలో నల్లకాళ్ళ ఫెర్రెట్ ఉంది. 1851లో ఆడబన్, బాక్‌మన్ వర్ణించాక చాలాకాలం ఎవరికీ దొరక్క, అసలు అలాంటి జంతువుందా అని శాస్త్రజ్ఞులు అనుమానపడిన జంతువది. స్మిత్సోనియన్‌కి ఆమె నమూనాలు పంపింది. అక్కడి రాబర్ట్ రిడ్జ్‌వే 1877లో ఒక చిన్న గుడ్లగూబ ఉపజాతికి ఆమె పేరు పెట్టాడు. మాక్స్‌వెల్లియే. లాటిన్‌లో ఆ చివరి అక్షరం స్త్రీలింగం. బతికున్న ఒక పక్షి పేరులో ఆమె ఆడమనిషని వ్యాకరణం సాక్ష్యం చెప్తోంది. కానీ ఆ ముందున్నది భర్త ఇంటిపేరు. గుడ్లగూబకి కూడా అత్తారిల్లు తప్పలేదు!

తర్వాత? ఆ ప్రదర్శనతో పేరొచ్చింది గానీ డబ్బు రాలేదు. తన ప్రదర్శన ఫొటోలు అమ్ముకుంది. బోస్టన్‌లో స్త్రీల కోసం పెట్టిన ప్రయోగశాలలో చేరి చదువుకుంది. న్యూయార్క్ దగ్గర రాకవే బీచ్‌లో, సముద్రస్నానాలకొచ్చే జనం కోసం మళ్ళీ ఒక మ్యూజియం మొదలుపెట్టింది. 1881లో, యాభై ఏళ్ళు నిండకుండానే పోయింది. ఆమె సేకరణ చేతులు మారి, సరైన నీడ లేక, వానకీ ఎండకీ పాడై నాశనమైంది. ఈ మధ్యలో ఇంకో పని జరిగింది. జంతువుల్ని వాటి పరిసరాల్లో చూపించే పద్ధతి పెద్ద మ్యూజియంలకి పాకింది. కార్ల్ ఏక్లీ 1890లో మిల్వాకీలో చేసిన నీటి ఎలుకల దృశ్యం చరిత్రకెక్కింది. ఆయన్ని ఆధునిక టాక్సిడెర్మీకి పితామహుడన్నారు. షికాగో ఫీల్డ్ మ్యూజియంలో ఆయన చేసిన నాలుగు ఋతువుల జింకల దృశ్యానికి వేలకొద్దీ మైనపు ఆకులు కావాల్సొస్తే ఆయనతో కూర్చుని చేసినామె భార్య డీలియా. పితామహుడున్న చోట పితామహి ఎందుకుండదో మీకు నేను చెప్పక్కర్లేదు.

నన్ను మీరు ఆపి అడగాల్సిన ప్రశ్నలు రెండున్నాయి. మొదటిది, ఇవన్నీ చంపిన జంతువులు కదా, స్త్రీ చంపితే అది విముక్తా? కాదు. మార్తా మాంసం తినేది కాదు. తినడానికి రోజూ చంపేవాళ్ళకంటే, శాశ్వతంగా నిలిచేందుకు చంపే తానే నయమని వాదించింది. ఆ వాదన నాకు సరిపోలేదు. 1972 వన్యప్రాణి చట్టం చదివి పాఠం చెప్పినదాన్ని, ఆ తుపాకీని పూజించలేను. కానీ ఒకటి గమనించాను. అదే కాలంలో వందలు వేలు చంపిన మగవాళ్ళని ప్రకృతి శాస్త్రజ్ఞులన్నారు. ఆమెని మాత్రం ఆడదానివై ఎలా చంపావన్నారు. దయ అనేది కూడా ఆడవాళ్ళ ఖాతాలోనే రాసిన జీతం లేని పని.

రెండో ప్రశ్న ఇంకా కష్టమైంది. మార్తా కూతురు మేబెల్‌కి తల్లి మీద కోపం ఉండేది. తల్లి ఆశయాల కింద తన బాల్యం నలిగిపోయిందని ఆమె బాధ. పెద్దయ్యాక తన జ్ఞాపకాల్లో రాసుకుంది కూడా. భర్త జేమ్స్ వేటకి తోడెళ్ళాడు, సామాను మోశాడు. 'స్త్రీ చేసిన పని' అనే బోర్డు వెనక ఒక కుటుంబం కూడా ఉంది. మరి ఆ బోర్డు కూడా కొంత దాచలేదా? దాచింది. ఒప్పుకుంటాను. మన నాయికలకి మరకలు తుడిచి చూపిస్తే మనమూ ఆ పితామహుల చరిత్ర రాసేవాళ్ళలాగే అవుతాం. బోర్డు మీద ఎవరి పేరున్నా, ఆ పేరు వెనక ఎవరున్నారని అడగడం మన పని. అది అడగడం మొదలుపెట్టాకే నాకు నా మ్యూజియం గుర్తొచ్చింది.

అవును, నాకూ ఒక మ్యూజియం ఉండేది. సముద్రతీరంలో ఒక ప్రభుత్వ మహిళా కళాశాల. జువాలజీ డిపార్ట్‌మెంట్‌లో ఒక పొడుగాటి గది. ఎండాకాలం సెలవుల ముందు ఊళ్ళో బడిపిల్లలు, వాళ్ళ అమ్మలూ వరసగా వచ్చి చూసి పోయేవాళ్ళు. సీసాల్లో సొరచేప, ఆక్టోపస్, సముద్రగుర్రం, కట్లపాము. గది మధ్యలో అద్దాల బీరువాలో కుక్క అస్థిపంజరం. అక్కడ ఒక అటెండర్ ఉండేది. భర్త ఆ ల్యాబ్‌లోనే పనిచేస్తూ చనిపోతే కారుణ్య నియామకం కింద ఆ ఉద్యోగం ఆమెకొచ్చింది. నాకంటే పదేళ్ళు పెద్దది. నేను ఆమెని 'నువ్వు' అనేదాన్ని. ఆమె నన్ను 'మేడమ్ గారూ, మీరు' అనేది. అలా ఎందుకని నాకెప్పుడూ తోచలేదు.

ఫార్మలిన్ ఏ సీసాలో ఎంత తగ్గిందో, ఏ మూతకి మైనం కరిగిందో ఆమెకి తెలుసు. పొద్దున్నే రేవుకెళ్ళి, వలలో పడ్డ వింత చేపల్ని బేరం లేకుండా అడిగి తెచ్చేది. ఆ చేపలమ్ముకునే ఆడవాళ్ళు ఆమెకోసం పక్కన తీసి ఉంచేవాళ్ళు. కుక్క అస్థిపంజరం ఆమె చేసిందే. హాస్టల్ వెనక చచ్చిపడున్న కుక్కని పాతిపెట్టి, కొన్ని నెలలాగి తవ్వి తీసి, ఎముకలు కడిగి ఎండబెట్టి, ఒక్కొక్కటీ తీగతో కట్టింది. పుస్తకంలో బొమ్మ నేను చూపించాను. అంతే నేను చేసింది. వెన్నుపూసల వరస ఎలా తెలిసిందని అడిగితే "మా అయ్య ఊళ్ళో చచ్చిన గొడ్లని కోసేవోడు కదమ్మా, చిన్నప్పట్నించీ చూసినియ్యే" అంది. ఆమె మాదిగ. మాది కోడిగుడ్డు కూడా గడప దాటని ఇల్లు. నేను గ్లవ్స్ తొడుక్కుని, ముక్కుకి చేతిరుమాలు కట్టుకుని, దూరంగా నిలబడి ఎముకల పేర్లు చెప్పేదాన్ని. ఊరు ఆమె తండ్రికి అంటగట్టిన పనీ, కాలేజీ నాకు జీతమిచ్చిన శాస్త్రమూ ఆ ఎముకల దగ్గర ఒకటేనని నాకు అప్పుడు తట్టలేదు. ఆ బీరువా మీద చీటీ నా చేత్తోనే రాశాను. 'తయారీ: జంతుశాస్త్ర శాఖ'.

2006లో నాక్ బృందం వచ్చింది. ప్రిన్సిపాల్ గారు మ్యూజియం తలుపు దగ్గర నిలబడి "ఇదంతా మా మేడమ్ గారి కృషి" అన్నారు. నేను నవ్వాను. కాదని అనలేదు. ఆమె బయట వరండాలో టీ కప్పుల ట్రే పట్టుకుని నిలబడి ఉంది. వాళ్ళు వెళ్ళాక అందరం ఫొటో దిగాం. "మనదంతా ఒక ఫ్యామిలీ" అన్నారెవరో. ఆ ఫొటోలో ఆమె లేదు.

'డిపార్ట్‌మెంట్' అనే మాట మనకి అచ్చం 'ఫ్యామిలీ'లాగే పనిచేస్తుంది. ఇంట్లో మన పేరు మింగేసే మాట మీద కోపంతో వ్యాసాలు రాస్తాం. కాలేజీలో మన కింద ఉన్న ఆడమనిషి పేరు మింగే మాటని మనమే చీటీ మీద రాసి అంటిస్తాం. మార్తాకి జరిగిన అన్యాయం చదువుతూ డెన్వర్‌లో కన్నీళ్ళు పెట్టుకున్న నేను, ఆమె కథలో నన్ను నేను మార్తా అనుకున్నాను. నిజానికి మా మ్యూజియం కథలో నేను 1814లో శాస్త్రపత్రం రాసిన ఎవరార్డ్ హోమ్‌ని.

ఇండియా వచ్చాక ఆమె ఇంటికెళ్ళాను. డెబ్భై దాటాయి. చాప వేసి కూర్చోబెట్టింది. నేను ఈసారి 'మీరు' అంటే నవ్వింది. వ్యాసం రాస్తున్నాను, మీ పేరు పెడతాను అన్నాను. "ఒద్దమ్మా. మా మనవడు ఆ కాలేజీలోనే ఔట్‌సోర్సింగ్‌లో చేస్తన్నాడు. నా పేరొస్తే ఆణ్ణి అడుగుతారు" అంది. కాసేపాగి తనే అంది. "కుక్క గురించి రాయండి. దానికి ఎనక కాలు పిక్క కాడ సన్నెముక దొరకలేదు. చింతకర్ర చెక్కి, టీ నీళ్ళలో ముంచి కట్టేసినా. ఎవురూ కనిపెట్టలా." ఫిబులా! ఆ ఎముకని కర్రతో చూపిస్తూ నేను ఎన్ని బ్యాచ్‌లకి పాఠం చెప్పానో లెక్కలేదు. కొన్నేళ్ళపాటు నేను అమ్మాయిలకి చూపించి పేరు చెప్పించిన ఎముక, ఆమె చెక్కిన చింతకర్ర. నాకు సిగ్గేసింది, నవ్వూ వచ్చింది. ఆమె మాత్రం నవ్వలేదు. తన పనిని ఎవరో ఒకరు చూడాలని అన్నేళ్ళు ఎదురుచూసిన మనిషి ముఖం అది.

అందుకే ఆమె పేరు ఈ వ్యాసంలో లేదు. ఒకరి పేరు దాచినందుకు కోపంతో మొదలుపెట్టిన వ్యాసం పేరు లేకుండానే ముగుస్తోంది. పేరు రాయడం మన మంచితనం మీద ఆధారపడింది కాదని నాకప్పుడు అర్థమైంది. ఆ పేరున్న మనిషి మనవడికి పర్మినెంటు ఉద్యోగం ఉంటేనే పేరు బయటికొస్తుంది. మార్తా సేకరణకి నీడ దొరకనట్టే ఈమె పేరుకీ నీడ లేదు.

కాబట్టి నేను అడిగేవి కొన్ని ఉన్నాయి. రోడ్డు పక్క మ్యూజియం కావచ్చు, యూనివర్సిటీ మ్యూజియం కావచ్చు, ప్రతి నమూనా దగ్గరా ఎవరు సేకరించారన్నది ఒక్కటే కాక, ఎవరు ఒలిచారు, ఎవరు కట్టారు, ఎవరు కాపాడారు అన్నది కూడా రాయాలి. వాళ్ళు ఒప్పుకుంటే పేరుతో, ఒప్పుకోకపోతే పనితో. 'శాఖ', 'కుటుంబం', 'బృందం' అని రాసి తప్పించుకోవడం ఆపాలి. కాలేజీల్లో అటెండర్ చేసిన పనికి నైపుణ్యం అని పేరు పెట్టి, దానికి తగ్గ హోదా, జీతం ఇవ్వాలి. పెద్ద మాటలనిపిస్తే చిన్నదానితో మొదలుపెట్టండి. ఈ పత్రిక చదివే మీలో చాలామందికి ఒక డిపార్ట్‌మెంట్ ఉంటుంది, ఒక ల్యాబో లైబ్రరీయో ఉంటుంది. మీ పుస్తకాల ముందుమాటల్లో 'సహకరించిన సిబ్బందికి' అని ఒక వాక్యం ఉంటుంది. ఆ వాక్యం తీసి చూడండి, అందులో ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టండి.

నేను పాత కాలేజీకి ఒక ఉత్తరం రాశాను. ఆ బీరువా మీద చీటీ మార్చమని. 'తయారీ: ఈ ల్యాబ్ అటెండర్. వెనక కాలి ఫిబులా చింతకర్ర' అని రాయమని. ఆమెకి చదివి వినిపించి, ఒప్పుకున్నాకే పంపాను. జవాబు ఇంకా రాలేదు. మళ్ళీ రాస్తాను.